సీపీఎల్ ఫిల్టర్ రివ్యూ: కొరాపుట్ కొండల్లో ఆకుల రంగులు తీసేవాళ్ళకి

ముందే చెప్పేస్తున్నా, కొనుక్కోండి. కెమెరా ఉండి, కొండలెక్కి ఆకుల రంగులు తీయాలన్న ఇష్టం ఉండి, చేతిలో ఒక్క వస్తువుకి సరిపడా డబ్బులే ఉంటే ఆ డబ్బులు దీని మీదే పెట్టండి, కొత్త లెన్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. సీపీఎల్ అంటే సర్క్యులర్ పోలరైజర్, లెన్స్ ముందు బిగించుకుని చేత్తో తిప్పుకునే మసకరంగు గాజు. నాది హోయా వాళ్ళది, 67 ఎంఎం సైజు, నికాన్ 18-140 లెన్స్‌కి వేసి వాడుతున్నాను, కొన్నప్పుడు మూడు వేల లోపే పడింది. మేం ఉండేది ఒడిశా కొరాపుట్ జిల్లా జయపురంలో. కొలాబ్ డ్యాం, గుప్తేశ్వర్, సెమిలిగుడ, దేవమాలి, ఇలా సెలవు దొరికితే తిరిగేవన్నీ ఈ చుట్టుపక్కలే కాబట్టి ఇక్కడి ఎండలో, ఇక్కడి చెట్ల మీద ఇది ఎలా పనిచేసిందో అదే రాస్తున్నాను.

అలా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఈ ఫిల్టర్ గురించి ఇంటర్నెట్‌లో కనిపించే రాతలు చాలావరకు చలిదేశాల వాళ్ళవి, లేదంటే అక్టోబరు నెలాఖరుకి కశ్మీర్ వెళ్ళి చినార్ చెట్లు తీసొచ్చిన వాళ్ళవి. అక్కడ పగటిపొద్దు తగ్గి చలి మొదలయ్యేసరికి ఆకులో పచ్చదనం ఇచ్చే పత్రహరితం విరిగిపోతుంది, అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది, కొన్ని చెట్లలో ఆ సమయంలోనే ఎరుపు కొత్తగా తయారవుతుంది. ఆ ఫోటోలు చూసి మనవాళ్ళు కూడా అక్టోబరులో విశాఖ నుంచో విజయనగరం నుంచో సాలూరు ఘాట్ ఎక్కి దేవమాలి వచ్చేస్తారు, వచ్చి ఎర్రటి ఆకులు ఎక్కడండీ అని అడుగుతారు. అక్టోబరులో ఇక్కడ ఉండేది వానలు కడిగిన పచ్చదనం, మెట్ట పొలాల నిండా వలిసె పూల పసుపు. అదీ చూడాల్సిందే, నేను ఏటా వెళ్తాను. కానీ ఆకుల రంగులు కావాలంటే సంక్రాంతి దాటాలి. మా అడవిలో చెట్లు ఆకు రాల్చేది నీళ్ళు తగ్గిపోయి. మాఘమాసానికి టేకు, ఇప్ప, బూరుగ ఆకులు పండి రాలడం మొదలవుతుంది, మోదుగ మోడై పూలతో నిండిపోతుంది, ఫాల్గుణం వచ్చేసరికి కుసుమ చెట్టు చిగురేస్తుంది.

ఈ కుసుమ చెట్టు గురించి కాస్త చెప్పాలి. నూనె తీసే కుసుమ పైరు కాదు, లక్క పురుగుల్ని పెంచే పెద్ద అడవి చెట్టు. మార్చిలో చెట్టంతా ఒకేసారి చిగురిస్తుంది, ఆ చిగురు పచ్చగా ఉండదు, రక్తమంత ఎరుపు. దూరం నుంచి చూసినవాళ్ళు పువ్వులనుకుంటారు. పచ్చటి గుగ్గిలం చెట్ల మధ్య అలాంటిది ఒక్కటి నిలబడి ఉంటే చినార్ల తోట మొత్తం ఇచ్చినా నేను మార్చుకోను. కొద్ది రోజులే ఉంటుంది, తర్వాత రాగిరంగు, ఆ తర్వాత మామూలు పచ్చ. అలా కొద్ది రోజులే దొరికే రంగు కెమెరాలో తెల్లబారిపోతే ఎంత బాధగా ఉంటుందో తీసినవాళ్ళకి తెలుస్తుంది.

తెల్లబారడమే అసలు సమస్య. ఆకు పైన సన్నటి మైనం పొర ఉంటుంది, ఆకాశం వెలుతురు దాని మీద పడి మన వైపు తెల్లగా తిరిగొస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇక్కడ పొద్దున తొమ్మిది దాటితే ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఎదురుగా నిలబడి చూసినప్పుడు ఆకు ఎర్రగానే కనిపిస్తుంది, ఎందుకంటే మన బుర్ర ఆ మెరుపుని పక్కన పెట్టేసి చూస్తుంది. కెమెరా అలా చూడదు. రంగు మీద తెల్లటి పూత పూసినట్టు రికార్డు చేస్తుంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో రంగు పెంచితే సరిపోతుంది కదా అంటారు, సరిపోదు. తెల్లగా పడిన చోట అసలు రంగే లేదు, పెంచడానికి ఏముంది అక్కడ? పెంచితే మిగిలిన ఆకులు కళ్ళు చెదిరేలా తయారవుతాయి, మచ్చలు మచ్చలుగానే ఉంటాయి. మిగతా ఫిల్టర్లు చేసే పనుల్లో చాలావాటిని ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో చేసేసుకోవచ్చు, ఇది చేసే పని మాత్రం ఫోటో తీసే క్షణంలోనే జరగాలి. నేను దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

పనిచేసే పద్ధతి సులువు. ఆకు, నీరు, తడి రాయి లాంటి వాటి మీద నుంచి తిరిగొచ్చే వెలుతురు ఎక్కువ భాగం ఒకే దిశలో కంపిస్తూ వస్తుంది, ఆకు లోపలి నుంచి వచ్చే అసలు రంగు వెలుతురు అన్ని దిశల్లోనూ కంపిస్తుంది. ఫిల్టర్ తిప్పుతూ పోతే ఒక చోట ఆ ఒక్క దిశ వెలుతురు ఆగిపోతుంది, రంగు మిగులుతుంది. ఆకు మీదికి సుమారు 35 డిగ్రీల ఏటవాలుగా చూస్తుంటే ఈ ప్రభావం బాగా బలంగా ఉంటుంది, ఆకుకి నేరుగా ఎదురుగా నిలబడితే దాదాపు ఏమీ ఉండదు. అందుకే తిప్పినా ఏం మారలేదు అనిపిస్తే ఫిల్టర్‌ని తిట్టుకోకుండా రెండడుగులు పక్కకి జరిగి చూడండి. లోహపు మెరుపు మీద కూడా ఇది పనిచేయదు.

దీని సంగతి నాకు పూర్తిగా అర్థమైంది కాఫీ ఆకు దగ్గర. పుట్‌సిల్ వైపు కాఫీ తోటల్లో డిసెంబరు ప్రాంతంలో పండ్లు ఎర్రబడతాయి, కొమ్మ పొడవునా గుత్తులు గుత్తులుగా. కాఫీ ఆకు నూనె రాసినంత నున్నగా ఉంటుంది, అంచులు అలలు తిరిగి ఉంటాయి, ప్రతి అల మీదా ఒక తెల్లటి గీత. ఫిల్టర్ లేకుండా తీస్తే ఫోటోలో ముందుగా కంటికి తగిలేది ఆ తెల్లటి గీతలే, పండ్లు తర్వాత. లైవ్ వ్యూ, అంటే కెమెరా వెనక తెర మీద చూసే పద్ధతి పెట్టుకుని ఫిల్టర్‌ని నెమ్మదిగా తిప్పాను. ఒక ఆకు మీద గీత సన్నబడి మాయమైంది, దాని కింద ఈనెలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి, ఈనెకీ ఈనెకీ మధ్య ఉబ్బెత్తు కూడా తెలిసింది, ఆకు నల్లటి ఆకుపచ్చలోకి దిగింది, పక్కనున్న పండ్లు ఒక్కసారిగా ముందుకొచ్చాయి. ఇంకాస్త తిప్పితే వేరే కోణంలో ఉన్న పక్క ఆకు మెరుపు పోయి ఇందాకటిది తిరిగొచ్చింది. అంటే ఫ్రేములో ఉన్న అన్ని ఆకులకీ ఒకే తిప్పుడు సరిపడదు, మీకు ఏ ఆకు ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

అడవికి వెళ్ళే తీరిక లేనివాళ్ళకి బాదం చెట్టు ఉంది. ప్రతి క్వార్టర్స్‌లోనూ, ప్రతి బడి ఆవరణలోనూ ఒకటైనా ఉంటుంది, చలికాలం చివర్లో రాలే ముందు ఆకు ఎర్రగా, కెంపురంగులోకి పండుతుంది, ఒకే ఆకు మీద పచ్చ, పసుపు, ఎరుపు మూడూ కనిపిస్తాయి. ఫిల్టర్ నేర్చుకోవడానికి దీనికి మించిన చెట్టు లేదు. తోలులా దళసరి ఆకు కాబట్టి మెరుపు బాగా పడుతుంది, తేడా వెంటనే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మెరుపు మొత్తం తీసేస్తే ఆకు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. లేత చిగురుకి ఆ తడి మెరుపే ప్రాణం, రావి చిగురైనా ఇప్ప చిగురైనా అంతే. నేను ఒకసారి పూర్తిగా తిప్పి, ఎక్కువ పోయిందనిపించాక కాస్త వెనక్కి తిప్పి ఆపుతాను. వరిమడుల దగ్గరైతే దీన్ని అసలు నమ్ముకోకండి, మడిలో ఆకాశం ప్రతిబింబం తీసేస్తే మిగిలేది బురదే.

దేవమాలి సంగతి వేరు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు, పైన చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. చలికాలంలో ఆ గడ్డి ఎండి బంగారు రంగుకి తిరుగుతుంది, పొద్దున్నే ఏటవాలు ఎండలో కొండ వాలంతా వెలుగుతుంది, పైన నీలం ఆకాశం. ఇక్కడ ఫిల్టర్ ఆకాశాన్ని ముదురు చేస్తుంది, గడ్డి పసుపు దాని మీద తేలుతుంది. కానీ ఆకాశం అన్ని వైపులా ఒకేలా ముదరదు. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం ఎక్కువ ముదురుతుంది, సూర్యుడి వైపూ దానికి సరిగ్గా ఎదురు వైపూ మార్పు ఉండదు. చూపుడు వేలు సూర్యుడి వైపు పెట్టి బొటనవేలు దానికి అడ్డంగా చాపి మణికట్టు తిప్పితే బొటనవేలు చూపించే చోటల్లా బాగా పనిచేస్తుంది. పొద్దున్నే అయితే అది ఉత్తరం, దక్షిణం, నడినెత్తి. జూమ్‌ని 18 ఎంఎం దగ్గర పెట్టి వెడల్పుగా తీస్తే ఒకే ఫ్రేములో ఆకాశం మధ్యలో ముదురు నీలం మచ్చ, రెండు పక్కలా వెలిసిపోయి చాలా వికారంగా వస్తుంది. దాన్ని తర్వాత సరిచేయడం పెద్ద తలనొప్పి. నేను ఆకాశం ఉన్న ఫ్రేములకి 35 ఎంఎం కంటే కిందికి దిగను, తప్పనిసరిగా దిగాల్సి వస్తే ఫిల్టర్ సగమే తిప్పుతాను. మంచు కమ్మి ఉన్నప్పుడు ఇది మంచుని చీల్చుతుందని ఆశ పెట్టుకోకండి, నీటి బిందువుల మంచు మీద దీని ప్రభావం చాలా తక్కువ. మార్చి, ఏప్రిల్‌లో పోడు కాల్చిన పొగ కొండల మధ్య నిలబడిపోతుంది, దాని మీదా పెద్ద ఆశలు వద్దు.

మబ్బు పట్టిన రోజున మాత్రం దీన్ని సంచీలోనే ఉంచేస్తారు చాలామంది, అది సరికాదు. మబ్బు రోజున ఆకాశమంతా ఒక తెల్లటి దీపం, ఆ తెలుపు ప్రతి ఆకు మీదా ఉంటుంది. వాన వెలిసిన వెంటనే తడి ఆకుల మీద, జలపాతం పక్క నల్లటి రాళ్ళ మీద దీని పని చూస్తే మీకే నమ్మకం కుదురుతుంది. డుడుమా జలపాతం దగ్గర 175 మీటర్ల కిందికి దూకే నీళ్ళ చుట్టూ అంతా తడే, అక్కడ ఇది తీయాల్సిన పనే రాదు, ఒక్క ఇంద్రధనుస్సు కనబడినప్పుడు తప్ప. తిప్పే కోణాన్ని బట్టి ఇంద్రధనుస్సు ఫోటోలోంచి పూర్తిగా మాయమైపోగలదు, చూసుకోండి.

తీసేయాల్సిన చోట్లు కూడా ఉన్నాయి, రివ్యూల్లో ఎవరూ గట్టిగా చెప్పరు. కొలాబ్ డ్యాం దగ్గరి తోటకి వెళ్ళేవాళ్ళు సాయంత్రం వెళ్తారు, ఎండ ఆకుల వెనక నుంచి వస్తుంటుంది. వెలుతురు ఆకులోంచి దూరి మన వైపు వస్తున్నప్పుడు మెరుపు పెద్దగా ఉండదు, ఆకు దానంతటదే దీపంలా వెలుగుతుంది, కుసుమ చిగురు కూడా అలా వెనక వెలుతురులోనే ఎక్కువ ఎర్రగా కనిపిస్తుంది. అప్పుడు ఈ గాజు చేసేది పెద్దగా ఉండదు, వెలుతురు తినడం తప్ప. తోటలో గులాబీలు, బంతిపూల లాంటి మెత్తటి రేకులకి కూడా పెద్ద అవసరం లేదు. క్రోటన్లకి, పాలకారే పాయిన్‌సెటియా ఎర్రాకులకి వేసుకోండి, అవి మెరుస్తాయి.

వెలుతురు తినడం దీని అసలు లోపం. ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా పోతుంది, ఒక స్టాపు అంటే వెలుతురు సగానికి తగ్గడం. శివరాత్రికి గుప్తేశ్వర్ వెళ్ళేవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. రామగిరి దాటాక దారికి రెండు వైపులా గుగ్గిలం అడవి, అప్పటికి పండుటాకు రాలుతూ కొత్త ఆకు వస్తూ ఉంటుంది, కింద ఎండుటాకుల గోధుమ రంగు, పైన లేతపచ్చ. చూడ్డానికి అంత బావుంటుందా, కెమెరాకి మాత్రం చీకటి. ఫిల్టర్ లేకుండా షట్టర్ వేగం 1/125 సెకను వచ్చే చోట దీంతో 1/40కి పడిపోతుంది, గాలికి ఆకు కదిలిందంటే మసకే. ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని ఎంత పెంచుకోవాలో చెప్పే అంకె) 400 పెట్టేవాళ్ళు 1000, 1200 పెట్టడానికి సిద్ధపడాలి, లేదా ట్రైపాడ్ మోయాలి. మా బావ విజయనగరం నుంచి వచ్చి మాతో ఆ దారిలోనే ఉన్నాడు, ఫిల్టర్ చూసి, “ఇంత నల్లటి అద్దం పెడితే ఫోటో చీకటిగా రాదేంటి బావా?” అన్నాడు. “వస్తుంది, ముందు నువ్వు దీన్ని కంటికి పెట్టుకుని తిప్పి ఆ ఆకులు చూడు” అని చేతికిచ్చాను. రెండు తిప్పులకే, “అరె, తళతళ ఎటు పోయిందిరా” అన్నాడు. మీరూ అలాగే చేయండి, లెన్స్‌కి బిగించే ముందు కంటికి పెట్టుకుని తిప్పి చూస్తే ఈ చోట ఇది పనికొస్తుందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది, ఊరికే బిగించి విప్పే శ్రమ తప్పుతుంది.

రంగుల సెట్టింగులు రెండు చెప్తాను. వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల వెచ్చదనం, చల్లదనం సరిచేసే సెట్టింగు, ఆటోలో ఉంచితే కెమెరా పండుటాకుల వెచ్చదనాన్ని తప్పనుకుని చల్లబరిచేస్తుంది, డేలైట్‌లో పెట్టేయండి. రెండోది, కుసుమ చిగురు, మోదుగ పూలు, పాయిన్‌సెటియా లాంటి గట్టి ఎరుపులకి మామూలు హిస్టోగ్రాం (ఫోటోలో వెలుతురు ఎంత పడిందో చూపించే గ్రాఫ్) చూసి మోసపోకండి, మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రాం పెట్టుకుని ఎరుపు గీత కుడి గోడకి తగులుతోందేమో చూడండి. తగిలితే ఎక్స్‌పోజర్ తగ్గించాలి, లేకపోతే ఆకు మీద ఈనెలు కూడా లేని ఎర్రటి ముద్ద మిగులుతుంది. కెమెరా తన మార్పులు చేయకుండా దాచే రా ఫైల్ తీసుకుంటే ఇంకా మంచిది.

కొనేవాళ్ళు ముందు లెన్స్ మీద గుండ్రటి గుర్తు పక్కన ఉన్న అంకె చూసుకోవాలి, 52, 55, 58, 67 ఇలా ఉంటుంది, అదే సైజు. రెండు మూడు లెన్సులుంటే పెద్ద సైజుది ఒక్కటి కొని మిగతావాటికి స్టెప్-అప్ రింగులు, అంటే చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ బిగించుకునే రింగులు, తీసుకోండి, చవక. పాతకాలపు 18-55 కిట్ లెన్సుల్లో కొన్నిటికి ఫోకస్ చేసినప్పుడు ముందు భాగం మొత్తం తిరుగుతుంది, దాంతో మీరు సరిచేసిన ఫిల్టర్ కూడా తిరిగిపోతుంది, అలాంటివాళ్ళు ముందు ఫోకస్ చేసి తర్వాత ఫిల్టర్ తిప్పాలి. లీనియర్ పోలరైజర్ అని సగం ధరకి దొరికితే డీఎస్‌ఎల్‌ఆర్ వాళ్ళు తీసుకోవద్దు, అద్దం ఉన్న కెమెరాల్లో ఫోకస్, మీటరింగ్ (వెలుతురు కొలవడం) రెండూ తడబడతాయి. లెన్స్‌ని కాపాడుకోవడానికి వేసే యూవీ ఫిల్టర్ మీద దీన్ని బిగించకండి, దాన్ని విప్పి ఇది పెట్టండి, లేకపోతే వెడల్పు ఫ్రేముల్లో మూలలు నల్లబడతాయి. నేను ఇంతకుముందు వాడిన చవక ఫిల్టర్‌తో ఫోటోలన్నిటికీ పసుపు ఛాయ వచ్చేది, రింగు కూడా గరగరలాడేది. ఇప్పటిదానికి ఆ ఛాయ లేదు, రింగు చలిలో కూడా మెత్తగా తిరుగుతోంది, దేవమాలి గాలికి పడే ఎర్రమట్టి దుమ్ము ఊదేస్తే పోతోంది.

జయపురంలో ఇది దొరకలేదు, విశాఖ వెళ్ళినప్పుడు తెచ్చుకోవడం లేదా ఆన్‌లైన్. షాపులో అయితే పరీక్ష ఒకటుంది, లెన్స్‌కి బిగించే మర ఉన్న వైపు మీ కంటి దగ్గర పెట్టుకుని ల్యాప్‌టాప్ తెర వైపు చూస్తూ తిప్పండి, ఒక చోట తెర బాగా నల్లబడిపోవాలి. నల్లబడకుండా ఊదాగానో గోధుమగానో కాస్త మారి ఊరుకుంటే తీసుకోవద్దు. తెల్ల కాగితం వైపు పెట్టి కూడా చూడండి, కాగితం బూడిదరంగులో కనిపించాలి, పసుపో ఆకుపచ్చో తగలకూడదు. తర్వాత ఎప్పుడైనా లెన్స్ మీద మర బిగుసుకుపోయి ఫిల్టర్ రాకపోతే చుట్టూ రబ్బరు బ్యాండు వేసి మెల్లగా తిప్పితే వస్తుంది, అరచేత్తో నొక్కి తిప్పితే ఇంకా బిగుస్తుంది.

ఫోన్‌తో తీసేవాళ్ళు మాకేంటి అనుకోవద్దు. మీ దగ్గర పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలుంటే, అదే ల్యాప్‌టాప్ తెర పరీక్షతో తేల్చుకుని, ఒక అద్దాన్ని ఫోన్ కెమెరాకి ఆనించి నెమ్మదిగా తిప్పండి. అద్దం రంగు కాస్త అంటుతుంది, అది ఫోన్‌లోనే సరిచేసుకోవచ్చు. ముందు వీధిలో బాదం చెట్టు దగ్గర చేసి చూడండి, తేడా నచ్చితే క్లిప్‌తో ఫోన్‌కి పెట్టుకునే చిన్న సీపీఎల్‌లు కూడా అమ్ముతున్నారు.